మొదటి నక్షత్రం వెలిగిన వేళ

ఈసారి వార్షికోత్సవ సంచికలో సైన్సు పాఠం రాసే పని మాకు అప్పగించారు. ఏ అంశం తీసుకోవాలా అని ఆలోచిస్తే, స్టడీ అవర్లో జూనియర్లు తరచుగా అడిగే ప్రశ్నే గుర్తుకు వచ్చింది. "అన్నా, సూర్యుడు కూడా ఒక నక్షత్రమే అంటారు కదా. మరి అన్నిటికంటే ముందు వెలిగిన నక్షత్రం ఏది? అంతకు ముందు ఏముండేది?"

చిన్న ప్రశ్నలాగే కనిపిస్తుంది. కానీ 2021 డిసెంబర్ 25న అంతరిక్షంలోకి పంపిన జేమ్స్ వెబ్ టెలిస్కోపును దాదాపు 1,000 కోట్ల డాలర్ల ఖర్చుతో తయారు చేసింది ముఖ్యంగా ఇలాంటి ప్రశ్నకు జవాబు వెతకడానికే. అంటే మన హాస్టల్ పిల్లవాడు అడిగే ప్రశ్నా, ప్రపంచంలోని పెద్ద శాస్త్రవేత్తలు అడిగే ప్రశ్నా ఒకటేనన్నమాట. ఈ ప్రశ్నకు ఇంతవరకు దొరికిన జవాబును తొమ్మిది, పది తరగతుల వారికి కూడా అర్థమయ్యేలా చెప్పడానికి ప్రయత్నిస్తాం.

దూరాన్ని చూడడమంటే గతాన్ని చూడడమే

ముందుగా ఒక అనుమానం తీర్చుకోవాలి. ఎప్పుడో వందల కోట్ల ఏళ్ల క్రితం జరిగిన సంగతి మనకెలా తెలుస్తుంది? చూసినవాళ్లెవరున్నారు?

కాంతి సెకనుకు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో పోతుంది. అది చాలా వేగమే గాని, విశ్వం అంతకంటే చాలా పెద్దది. సూర్యుని కాంతి మనల్ని చేరడానికి 8 నిమిషాల 20 సెకన్లు పడుతుంది. కాబట్టి మనం చూసే సూర్యుడు 8 నిమిషాల క్రితపు సూర్యుడు. ధ్రువ నక్షత్రం కాంతి మన దగ్గరికి రావడానికి నాలుగు వందల సంవత్సరాలకు పైనే పడుతుంది. మంచి చీకటి రాత్రి కంటితో మసకగా కనిపించే ఆండ్రోమెడా గెలాక్సీ నుంచి కాంతి రావడానికి దాదాపు 25 లక్షల సంవత్సరాలు పడుతుంది.

ఇంటి నుంచి వచ్చే ఉత్తరాల సంగతి పూర్వ విద్యార్థులకు బాగా తెలుసు. ఉత్తరం ఈరోజు అందినా, అందులోని క్షేమ సమాచారం అది రాసిన నాటిది. ఊరు ఎంత దూరమైతే కబురు అంత పాతది. ఆకాశం కూడా అలాంటి ఉత్తరాల కట్ట. ఎంత దూరం చూడగలిగితే అంత పాత కబురు అందుతుంది. అందుకే టెలిస్కోపు పెద్దదయ్యే కొద్దీ మనం విశ్వం బాల్యానికి దగ్గరవుతున్నాం.

నక్షత్రాలు లేని విశ్వం

విశ్వం వయస్సు సుమారు 1,380 కోట్ల సంవత్సరాలు. మొదట్లో అది ఊహకందనంత వేడిగా, ఊహకందనంత సాంద్రంగా ఉండి, అక్కడి నుంచి వ్యాపిస్తూ చల్లబడుతూ వచ్చింది. దీనినే మహా విస్ఫోటం అంటాం. పేరులో విస్ఫోటం ఉంది గాని, ఇది ఏదో ఒకచోట బాంబు పేలినట్లు జరిగింది కాదు. స్థలమే అన్ని వైపులా సాగడం మొదలైంది.

మొదటి కొద్ది నిమిషాల్లోనే ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిసి తేలికపాటి కేంద్రకాలు తయారయ్యాయి. బరువు ప్రకారం నూటికి 75 పాళ్లు హైడ్రోజన్, 25 పాళ్లు హీలియం, అతి స్వల్పంగా లిథియం. అంతే! కార్బన్ లేదు, ఆక్సిజన్ లేదు, ఇనుము లేదు. మట్టి, నీరు, ఉప్పు, ఎముక అనేవి తయారు కావడానికి కావలసిన సరుకే లేదు. మన కెమిస్ట్రీ ల్యాబు గోడ మీది ఆవర్తన పట్టికలో మొదటి గడులు తప్ప మిగతా పట్టికంతా అప్పటికి ఖాళీయే.

ఆ తర్వాత 3 లక్షల 80 వేల సంవత్సరాల పాటు విశ్వమంతా వేడి పొగమంచులా ఉంది. ఎలక్ట్రాన్లు కేంద్రకాల చుట్టూ కుదురుకోలేక విడివిడిగా తిరుగుతుండేవి. పొగమంచులో లారీ హెడ్‌లైటు వెలుగు చెదిరిపోయినట్లే, ఆ ఎలక్ట్రాన్లకు తగిలి కాంతి కూడా అటూ ఇటూ చెదిరిపోయేది. వేడి సుమారు 3,000 కెల్విన్లకు దిగినప్పుడు ఎలక్ట్రాన్లు కేంద్రకాలతో కలిసి మామూలు పరమాణువులయ్యాయి. మంచు విడిపోయింది. కాంతికి దారి దొరికింది.

ఎంత వేడి దగ్గర ఎన్ని పరమాణువులు ఎలక్ట్రాన్లను పోగొట్టుకుని ఉంటాయి, ఎన్ని కలిసి ఉంటాయి అనే లెక్కను మొదట చెప్పింది ఎవరో తెలుసా? మన దేశస్థుడే. ఆయన పేరు మేఘనాద్ సాహా.

ఒక హాస్టల్ విద్యార్థి రాసిన సమీకరణం

మేఘనాద్ సాహా 1893లో ఢాకా దగ్గరి ఒక పల్లెలో పుట్టాడు. తండ్రికి చిన్న కిరాణా కొట్టు. ఊళ్లో పై తరగతుల బడి లేకపోతే, వేరే ఊళ్లో ఒక డాక్టరు గారు తన ఇంట్లో చోటిచ్చారు. ఆ ఇంట్లో పశువుల పని చూస్తూ, తాను తిన్న గిన్నెలు తానే కడుక్కుంటూ చదువుకున్నాడు. స్కాలర్‌షిప్ సంపాదించి ఢాకాలో చేరితే, గవర్నరు రాకను బహిష్కరించిన విద్యార్థులలో ఉన్నందుకు ఆ స్కాలర్‌షిప్ పోయింది, స్కూలు నుంచి కూడా పంపించివేశారు. తర్వాత కలకత్తాలో కాలేజీ చదువుకు వచ్చి హాస్టల్లో చేరినప్పుడు, ఆయన కులం కారణంగా తమతో కలిసి భోజనానికి కూర్చోకూడదని కొందరు తోటి విద్యార్థులు అభ్యంతరం చెప్పారు.

ఆ సాహాయే 1920లో, 27 ఏళ్లు నిండకముందే, అయనీకరణ సమీకరణాన్ని ప్రకటించాడు. వేడి, పీడనం తెలిస్తే ఒక వాయువులో ఎన్ని పరమాణువులు ఎలక్ట్రాన్లను వదులుకుని ఉంటాయో అది చెబుతుంది. నక్షత్రాల కాంతిని పట్టకంతో విడదీస్తే కనిపించే నల్లని గీతలకు అర్థం చెప్పే తాళంచెవి దానితోనే దొరికింది.

ఆ తాళంచెవితో తలుపు తెరిచింది సిసిలియా పేన్ అనే అమ్మాయి. ఆమెది ఇంగ్లండు. కేంబ్రిడ్జిలో చదివినా, ఆ రోజుల్లో అక్కడ ఆడపిల్లలకు డిగ్రీ ఇచ్చేవారు కాదు. దాంతో అమెరికా వెళ్లి హార్వర్డు అబ్జర్వేటరీలో పరిశోధన చేసింది. 1925లో సాహా సమీకరణాన్ని ఉపయోగించి, నక్షత్రాలలో ఉన్నది ఎక్కువగా హైడ్రోజన్, హీలియమేనని లెక్క తేల్చింది. నక్షత్రాలు కూడా భూమిలో ఉండే పదార్థాలతోనే, ఇంచుమించు అదే పాళ్లలో తయారై ఉంటాయని అప్పటి పెద్దల నమ్మకం. హెన్రీ నోరిస్ రస్సెల్ అనే ప్రముఖ శాస్త్రవేత్త ఆ ఫలితం నిజమై ఉండదని చెప్పడంతో, ఆమె తన సిద్ధాంత గ్రంథంలో ఆ మాటే రాయవలసి వచ్చింది. నాలుగేళ్ల తర్వాత, 1929లో, రస్సెల్ తన సొంత లెక్కల ద్వారా అదే ఫలితానికి వచ్చి ఆమె చెప్పింది సరైనదేనని ఒప్పుకున్నాడు.

భోజనాల హాలులో పక్కన కూర్చోనివ్వని వాని సమీకరణం, డిగ్రీ ఇవ్వమన్న అమ్మాయి లెక్క కలిసి నక్షత్రాలు దేనితో తయారయ్యాయో ప్రపంచానికి చెప్పాయి. విశ్వంలో మొదటి పరమాణువులు ఎంత వేడి దగ్గర కుదురుకున్నాయో అంచనా వేయడానికి కూడా ముందుగా వాడేది సాహా సమీకరణాన్నే.

లక్షలో ఒక వంతు తేడా

పొగమంచు విడిపోయినప్పుడు బయలుదేరిన కాంతి ఇంకా ప్రయాణిస్తూనే ఉంది. 1964లో అమెరికాలో ఆర్నో పెంజియాస్, రాబర్ట్ విల్సన్ అనే ఇద్దరు తమ రేడియో యాంటెనాలో ఎటు తిప్పినా పోని ఒక గురగుర శబ్దాన్ని గమనించారు. యాంటెనాలో గూడు కట్టుకున్న పావురాలను తరిమి, రెట్టలు కడిగి శుభ్రం చేసినా ఆ శబ్దం పోలేదు. అది పాడైన యంత్రం శబ్దం కాదు, విశ్వం తొలినాటి కాంతి అని తేలింది. విశ్వం సాగడం వల్ల ఆ కాంతి తరంగాలు కూడా సాగి, చల్లబడి సూక్ష్మతరంగాలుగా మారాయి. దాని ఉష్ణోగ్రత ఇప్పుడు సుమారు 2.7 కెల్విన్లు. ఈ పరిశోధనకు వారికి 1978లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ కాంతి అన్ని దిక్కులా ఒకేలా ఉంది. అయితే పూర్తిగా ఒకేలా లేదు. 1989లో పంపిన కోబ్ ఉపగ్రహం కొలిచిన వివరాలను 1992లో ప్రకటించారు. ఒకచోటికీ మరొకచోటికీ ఉష్ణోగ్రతలో లక్షలో ఒక వంతు తేడా ఉందని అది చూపింది. అంటే కొన్నిచోట్ల పదార్థం ఇసుమంత ఎక్కువగానూ, కొన్నిచోట్ల ఇసుమంత తక్కువగానూ ఉందన్నమాట.

ఇంత చిన్న తేడా లెక్కలోకి వస్తుందా అనిపిస్తుంది. కానీ ఈ కథలో అసలు కీలకం ఇక్కడే ఉంది. విశ్వం పూర్తిగా సమానంగా ఉండి ఉంటే గురుత్వాకర్షణ అన్ని వైపులకూ ఒకేలా లాగేది. ఏదీ ఎటూ కదిలేది కాదు. నక్షత్రం లేదు, గెలాక్సీ లేదు, మనమూ లేము. కొంచెం ఎక్కువ పదార్థం ఉన్నచోటు చుట్టుపక్కల నుంచి మరికొంత లాక్కుంటుంది. అలా ఎక్కువైన చోటు ఇంకా ఎక్కువ లాక్కుంటుంది. వాన కురిసినప్పుడు నేలలో కాస్త పల్లంగా ఉన్నచోట నీరు చేరి, ఆ నీరే నేలను కోసి కాలువ అయినట్లు, ఆ చిన్న తేడాయే కోట్ల ఏళ్లలో పెరిగి పెద్దదయింది.

ఇందులో ఎక్కువ పని చేసింది మనకు కనిపించని కృష్ణ పదార్థం. విశ్వంలో మామూలు పదార్థం కంటే ఇది అయిదు రెట్లకు పైగా ఉంది. ఇది కాంతిని వెదజల్లదు, పీల్చుకోదు. దాని ఆకర్షణ వల్లనే అది ఉందని తెలుస్తుంది. వేడి కాంతి ఒత్తిడి వల్ల మామూలు పదార్థం ముద్ద కట్టలేకపోతున్న రోజుల్లోనే, ఆ ఒత్తిడి తగలని కృష్ణ పదార్థం ముద్దలు కట్టడం మొదలుపెట్టింది. తర్వాత హైడ్రోజన్, హీలియం వాయువులు ఆ ముద్దల వైపు జారిపడ్డాయి.

చీకటి యుగం

పరమాణువులు కుదురుకున్న సమయంలో విశ్వమంతా పాత బల్బులోని ఫిలమెంటులా నారింజ రంగులో ప్రకాశించి ఉంటుంది. చల్లబడే కొద్దీ ఆ వెలుగు ఎరుపై, తర్వాత కంటికి కనిపించని పరారుణ కిరణాలుగా మారింది. ఇక వెలుగునిచ్చే వస్తువు ఒక్కటి కూడా లేదు. అమావాస్య రాత్రి కరెంటు పోతే మనకు నక్షత్రాల వెలుతురైనా మిగులుతుంది. అప్పుడు అదీ లేదు. పది ఇరవై కోట్ల సంవత్సరాల పాటు సాగిన ఆ కాలాన్ని శాస్త్రవేత్తలు చీకటి యుగం అంటారు.

అయితే చీకటిలో పని ఆగలేదు. సూర్యుని కంటే లక్షల రెట్లు బరువున్న కృష్ణ పదార్థపు ముద్దలలోకి వాయువు చేరుతూనే ఉంది.

నక్షత్రం వెలగాలంటే ముందు చల్లబడాలి

ఇక్కడ ఒక చిక్కు ఉంది. సైకిల్ పంపుతో గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు భాగం పట్టుకుని చూడండి, వేడిగా ఉంటుంది. వాయువును నొక్కితే వేడెక్కుతుంది. వేడెక్కిన వాయువు బయటికి నెడుతుంది. గురుత్వాకర్షణ లోపలికి లాగుతుంటే, ఈ ఒత్తిడి బయటికి తోస్తుంది. రెండూ సమానమైతే మేఘం అక్కడే ఆగిపోతుంది, నక్షత్రం పుట్టదు. మేఘం మరింత కుంచించుకుపోవాలంటే ఆ వేడిని ఎలాగైనా బయటికి పంపించాలి. చిత్రమేమిటంటే, కోట్ల డిగ్రీల వేడి గల నక్షత్రం తయారు కావాలంటే ముందు ఆ వాయువు చల్లబడాలి!

ఈనాటి మేఘాలలో కార్బన్, ఆక్సిజన్, ధూళి కణాలు ఉన్నాయి. అవి వేడిని కాంతిగా మార్చి సులభంగా బయటికి పంపేస్తాయి. అందువల్ల నేటి నక్షత్రాలు పుట్టే మేఘాలు 10 కెల్విన్ల వరకు చల్లబడతాయి. మొదటి మేఘాలకు ఆ సౌకర్యం లేదు. వాటి దగ్గర ఉన్నది హైడ్రోజన్, హీలియం మాత్రమే.

దారి ఎలా దొరికిందంటే, పరమాణువులు కుదురుకున్నప్పుడు కొన్ని వేలలో ఒకటి చొప్పున ఎలక్ట్రాన్లు జత కుదరక మిగిలిపోయాయి. ఆ మిగిలిపోయిన ఎలక్ట్రాన్ల సహాయంతో రెండేసి హైడ్రోజన్ పరమాణువులు కలిసి హైడ్రోజన్ అణువులయ్యాయి. ఈ అణువులు ఒకదానికొకటి తగిలినప్పుడు గిరగిర తిరిగి, ఆ శక్తిని పరారుణ కాంతిగా బయటికి వదులుతాయి. అలా మేఘం సుమారు 200 కెల్విన్ల వరకు చల్లబడింది. మేఘంలో ఈ అణువులు వేలలో ఒకటో రెండో మాత్రమే. అయినా పని జరిగింది. ఎందుకూ పనికిరావనిపించిన ఆ మిగులు ఎలక్ట్రాన్లే మొదటి నక్షత్రానికి పురుడు పోశాయి.

పెద్ద వత్తి, చిన్న ఆయుష్షు

200 కెల్విన్లంటే నేటి మేఘాలతో పోలిస్తే ఎక్కువ వేడే. ఎక్కువ వేడిగా ఉన్న మేఘం కూలాలంటే ఎక్కువ బరువు కావాలి. అందుకే మొదటి నక్షత్రాలు చాలా భారీగా, సూర్యునికి పదుల రెట్లు, కొన్ని వందల రెట్లు కూడా బరువుతో పుట్టి ఉంటాయని కంప్యూటర్ లెక్కలు చెబుతున్నాయి. వాటి ఉపరితలం వేడి సుమారు లక్ష డిగ్రీలు. మన సూర్యుని ఉపరితలం 5,500 డిగ్రీలే. అవి నీలికాంతితో, అంతకంటే ఎక్కువగా అతినీలలోహిత కిరణాలతో మండిపోయేవి.

దీపానికి వత్తి పెద్దదైతే వెలుగు ఎక్కువ, కానీ నూనె త్వరగా అయిపోతుంది. సూర్యునికి నూరు రెట్లు బరువున్న నక్షత్రం దగ్గర ఇంధనం నూరు రెట్లు ఉన్నా, ఖర్చు మాత్రం దాదాపు పది లక్షల రెట్లు. సూర్యుని ఆయుష్షు 1,000 కోట్ల సంవత్సరాలైతే, అలాంటి నక్షత్రం ఆయుష్షు 30 లక్షల సంవత్సరాల వరకే.

ఆ కొద్ది కాలంలోనే అవి చేసిన పని చాలా పెద్దది. నక్షత్ర గర్భంలో హైడ్రోజన్ కలిసి హీలియం అవుతుంది, హీలియం కలిసి కార్బన్, ఆక్సిజన్ అవుతాయి. పెద్ద నక్షత్రాలలో ఇది సిలికాన్, ఇనుము దాకా సాగుతుంది. ఇనుము దగ్గరికి వచ్చేసరికి సంలీనం వల్ల శక్తి రావడం ఆగిపోతుంది. పొయ్యి ఆరిపోయినట్లే. అప్పుడు నడిమి భాగం ఒక్కసారిగా కూలుతుంది. చాలా నక్షత్రాలలో పై భాగమంతా సూపర్‌నోవాగా పేలి చుట్టూ చిమ్ముతుంది. ఆవర్తన పట్టికలోని ఖాళీ గడులు నిండడం అలా మొదలైంది. మూలకాలు నక్షత్రాలలో ఎలా వండబడతాయో 1957లో మార్గరెట్ బర్బిడ్జ్, జెఫ్రీ బర్బిడ్జ్, విలియం ఫౌలర్, ఫ్రెడ్ హొయల్ కలిసి రాసిన ప్రసిద్ధ వ్యాసంలో వివరించారు.

ఆ బూడిద కలిసిన మేఘాలు బాగా చల్లబడగలిగాయి. కాబట్టి తర్వాతి తరంలో చిన్న నక్షత్రాలు కూడా పుట్టాయి. చిన్నవి కాబట్టి వాటిలో కొన్ని ఈనాటికీ బతికే ఉన్నాయి. 2014లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు మన పాలపుంతలోనే అలాంటి ఒక నక్షత్రాన్ని ప్రకటించారు. సూర్యునిలో ఉన్న ఇనుములో కోటో వంతు కూడా దానిలో కనిపించలేదు. అది ఒకే ఒక తొలి నక్షత్రపు బూడిద నుంచి పుట్టి ఉంటుందని వారి అంచనా.

వాగులు కలిసి నది అయినట్లు

మొదటి నక్షత్రాలున్న చిన్న ముద్దలు ఒంటరిగా ఉండిపోలేదు. వాగులూ వంకలూ కలిసి నది అయినట్లు, చిన్న ముద్దలు ఒకదానిలో ఒకటి కలిసి పెద్ద ముద్దలయ్యాయి. వాటిలోకి మరింత వాయువు చేరి మరిన్ని నక్షత్రాలు పుట్టాయి. ఇవే మొదటి గెలాక్సీలు. ఇవి మన పాలపుంత కంటే చాలా చిన్నవి. పాలపుంత వెడల్పు సుమారు లక్ష కాంతి సంవత్సరాలు, దానిలో 10,000 కోట్లకు తక్కువ కాకుండా నక్షత్రాలున్నాయి. ఇదీ చిన్న గెలాక్సీలను కలుపుకుంటూ పెరిగినదే.

ఆ నక్షత్రాల అతినీలలోహిత కిరణాలు చుట్టూ ఉన్న హైడ్రోజన్ పరమాణువులను తాకి ఎలక్ట్రాన్లను మళ్లీ విడగొట్టాయి. ఒక్కో గెలాక్సీ చుట్టూ బుడగలాగా ఇలాంటి ప్రాంతం ఏర్పడి, బుడగలు పెరిగి ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. విశ్వానికి 100 కోట్ల సంవత్సరాలు వచ్చేసరికి ఈ పని దాదాపు పూర్తయింది. చీకటి యుగం అలా ముగిసింది.

కంటితో చూసిన సాక్ష్యం

ఇదంతా కాగితం మీది లెక్కేనా అంటే, కాదు. 1995 డిసెంబరులో హబుల్ టెలిస్కోపును సప్తర్షి మండలంలో ఏమీ లేనట్లు కనిపించే ఒక చిన్న చోటు వైపు పది రోజుల పాటు గురిపెట్టి ఉంచారు. చేయి చాచి పట్టుకున్న ఇసుక రేణువు ఆకాశంలో ఎంత భాగాన్ని మూస్తుందో అంత చోటది. ఆ ఖాళీ చోటులో సుమారు 3,000 గెలాక్సీలు కనిపించాయి.

అంతకంటే వెనక్కి చూడాలంటే పరారుణ కాంతి కావాలి. రబ్బరు బ్యాండు మీద పెన్నుతో దగ్గర దగ్గరగా గీతలు గీసి సాగదీస్తే, గీతల మధ్య దూరం పెరుగుతుంది. విశ్వం సాగినప్పుడు కాంతి తరంగాలూ అలాగే సాగుతాయి. మొదటి గెలాక్సీల కాంతి 15 రెట్ల దాకా సాగి, అతినీలలోహితం కాస్తా పరారుణమైపోయింది. అందుకే వెబ్ టెలిస్కోపును పరారుణ కాంతిని చూసేలా, 18 ముక్కలు గల 6.5 మీటర్ల బంగారు పూత అద్దంతో తయారు చేసి, భూమి నుంచి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో చల్లని చోట ఉంచారు.

2024లో అది ఒక గెలాక్సీని చూపింది. విశ్వానికి 30 కోట్ల సంవత్సరాలు నిండని కాలపుది. పేరు జేడ్స్-జీఎస్-జెడ్14-0. 2025లో చిలీ దేశంలోని అల్మా రేడియో టెలిస్కోపులు ఆ గెలాక్సీలో ఆక్సిజన్ ఉందని కనిపెట్టాయి. ఆక్సిజన్ ఉందంటే ఏమిటి అర్థం? అంతకు ముందే ఒక తరం నక్షత్రాలు పుట్టి, మండి, పేలిపోయాయని. అదే 2025లో ఎంఓఎం-జెడ్14 అనే మరో గెలాక్సీ విశ్వం 28 కోట్ల ఏళ్ల వయసులో ఉన్నప్పటిదని ప్రకటించారు. శాస్త్రవేత్తలు అనుకున్న దానికంటే ఈ తొలి గెలాక్సీలు ఎక్కువ సంఖ్యలో, ఎక్కువ కాంతితో ఉన్నాయి. ఎందుకు అలా ఉన్నాయన్న దాని మీద చర్చ సాగుతోంది.

కర్ణాటక చెరువు మీద రేడియో

ఈ పరిశోధనలో మన పక్క రాష్ట్రం పాత్ర కూడా ఉంది. హైడ్రోజన్ పరమాణువు 21 సెంటీమీటర్ల రేడియో తరంగాన్ని వదులుతుంది, పీల్చుకుంటుంది. చీకటి యుగం ముగిసే నాటి ఆ తరంగం ఇప్పటికి కొన్ని మీటర్లకు సాగి, మన ఎఫ్.ఎం. రేడియో వచ్చే ప్రాంతంలోకి వస్తుంది. 2018లో అమెరికా శాస్త్రవేత్తలు ఆస్ట్రేలియా ఎడారిలో పెట్టిన పరికరంతో, 78 మెగాహెర్ట్‌జ్ దగ్గర మొదటి నక్షత్రాల జాడ దొరికిందని ప్రకటించారు. ప్రపంచమంతా సంచలనమైంది. అది అనుకున్న దానికంటే రెండింతలు బలంగా ఉండడంతో కొత్త భౌతికశాస్త్రమే కావాలేమో అన్నారు.

బెంగళూరులోని రామన్ పరిశోధన సంస్థ వారు దానిని సరిచూడాలనుకున్నారు. యాంటెనా కింది నేల పొరల వల్ల కొలతలో తేడాలు వస్తాయి కనుక, వారు 'సారస్' అనే తమ పరికరాన్ని తెప్ప మీద పెట్టి 2020 ఆరంభంలో కర్ణాటకలోని దండిగానహళ్లి చెరువు మీద, శరావతి వెనుక జలాల మీద తేలించి కొలిచారు. 2022లో ఫలితం ప్రకటించారు. అమెరికా వారు చెప్పిన సంకేతం వీరి కొలతల్లో లేదు! పెద్ద దేశం వారు పెద్ద పత్రికలో చెప్పారని ఊరుకోకుండా, మళ్లీ కొలిచి చూడడమే సైన్సు.

ఇంకా తేలనివి

మొదటి తరం నక్షత్రాన్ని ఇదిగో అని విడిగా, నిస్సందేహంగా చూపినవారు ఇంతవరకు లేరు. మరో చిక్కు కృష్ణ బిలాలది. విశ్వానికి సుమారు 67 కోట్ల సంవత్సరాల వయసులోనే సూర్యునికి 160 కోట్ల రెట్లు బరువున్న కృష్ణ బిలం ఒకటి ఉన్నట్లు 2021లో ప్రకటించారు. అంత తక్కువ కాలంలో అది అంతగా ఎలా బలిసింది? మొదటి నక్షత్రాల శవాల నుంచా, లేక పెద్ద మేఘమే నేరుగా కూలిపోయా? ఈ ప్రశ్నలు ఇప్పుడు ఎనిమిదో తరగతి చదివేవారు పరిశోధనకు వచ్చేనాటికి కూడా మిగిలి ఉండవచ్చు.

ఒక రోజు లెక్క

తేదీలు గుర్తుండడానికి మేము ఒక లెక్క వేశాం. 1,380 కోట్ల సంవత్సరాలను ఒక రోజు, అంటే 24 గంటలు అనుకోండి. అర్ధరాత్రి 12 గంటలకు విశ్వం మొదలు.

• 12 దాటి రెండున్నర సెకన్లకు: పరమాణువులు కుదురుకున్నాయి.
• 12 గంటల 10 నుంచి 20 నిమిషాల మధ్య: మొదటి నక్షత్రాలు వెలిగాయి.
• 12 గంటల 30 నిమిషాలకు: వెబ్ చూసిన ఆ తొలి గెలాక్సీ.
• దాదాపు 1 గంట 45 నిమిషాలకు: చీకటి యుగపు జాడలు పోయాయి.
• సాయంత్రం 4 గంటలకు, బడి వదిలే వేళ: మన సూర్యుడు, ఆ వెంటనే భూమి.
• రాత్రి 12 గంటలకు ఇంకా రెండు సెకన్లుందనగా: మనిషి.

ఇది మనకెందుకు?

"ఇవన్నీ చదివితే ఉద్యోగం వస్తుందా అన్నా?" అని అడిగేవారుంటారు. ఆ ప్రశ్న తప్పు కాదు. ఇంటి దగ్గర అమ్మానాన్నలు కూలికి పోయి మనల్ని చదివిస్తుంటే ఆ ప్రశ్న రావలసిందే. రెండు జవాబులు చెబుతాం.

మొదటిది. హాస్టల్లో మనకిచ్చే ఐరన్ మాత్రలో ఇనుముంది. మన ఒంట్లో మొత్తం మీద నాలుగు గ్రాముల దాకా ఇనుముంటుంది, రక్తం ఎర్రగా ఉండేది దానివల్లే. ఆ ఇనుము నక్షత్రాల పేలుళ్లలో తయారైంది. తాగే గ్లాసు నీళ్లలో హైడ్రోజన్ వయస్సు 1,380 కోట్ల సంవత్సరాలు, ఆక్సిజన్ ఏదో నక్షత్రంలో వండినది. ఇది ఏ ఒక్కరికో కాదు, అందరికీ వర్తిస్తుంది. ఒకరి రక్తంలోని ఇనుము ఎక్కువ జాతిది, మరొకరిది తక్కువ జాతిది అనడానికి విశ్వంలో ఎక్కడా ఆధారం లేదు. పుట్టుకను బట్టి మనిషికి విలువ కట్టేవారికి ఇంతకంటే సూటి జవాబు ఏ పాఠంలో ఉంటుంది?

రెండవది. ఈ దారిలో చదువూ ఉంది, బతుకూ ఉంది. లెక్కలు, భౌతికశాస్త్రం ఇష్టమున్నవారు ఇంటర్లో ఎంపీసీ తీసుకుని తిరుపతి ఐసర్ వంటి సంస్థల ప్రవేశ పరీక్ష రాయవచ్చు. డిగ్రీలో బీఎస్సీ చేసినవారు జామ్ పరీక్ష రాసి ఐఐటీలలో ఎమ్మెస్సీకి వెళ్లవచ్చు. పరిశోధన చేసే ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వ జాతీయ ఫెలోషిప్‌లున్నాయి. పూర్వ విద్యార్థులలో ఈ దారి తెలిసినవారు సెలవుల్లో ఒక్క పూట వచ్చి జూనియర్లకు చెబితే, మేము రాసిన ఈ వ్యాసం కంటే ఎక్కువ మేలు జరుగుతుంది.

మీరే ఆలోచించండి

1. విశ్వం మొదట్లో అంతటా పూర్తిగా సమానంగా ఉండి ఉంటే నక్షత్రాలు ఎందుకు పుట్టేవి కావు?
2. వాయువు మేఘం చల్లబడకుండా నక్షత్రం ఎందుకు కాలేదు?
3. తొలి గెలాక్సీలో ఆక్సిజన్ కనిపిస్తే, అంతకు ముందు నక్షత్రాలుండేవని ఎలా చెప్పగలం?

జవాబులు వ్యాసంలోనే ఉన్నాయి. దొరకకపోతే స్టడీ అవర్లో మా దగ్గరికి రండి, కలిసి వెతుకుదాం.